సమస్యాపూరణం: "ఆర్పివేయ దీపమపుడె వెలిగె"

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు రాయాలి. ఇందులో ఐదూ సూర్యగణాలే, అంటే ఒక్కోటీ గలం (గురువు, లఘువు) గానీ నగణం (మూడు లఘువులు) గానీ. విషయం మాత్రం ఒకటే: ఇంట్లో కంప్యూటర్‌కి నెట్ రాకపోవడం. మొన్న మా ఇంట్లో రెండు రోజులు నెట్ పోయింది. వైఫై గుర్తు మీద ఆ పసుపు త్రికోణం చూస్తూ కూర్చున్నప్పుడు పుట్టిన పాదం ఇది. ఆర్పితే దీపం వెలగడమేమిటి అన్న చిక్కు విప్పాలి. అన్నట్టు, పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి (అక్షరాల పొంతన) కుదరాలి కదా, "ఆ"కి "మ"తో ఎలా కుదిరిందని అడగకండి, దీపము + అపుడె, అక్కడ యతి అచ్చుకే.

డల్లాస్ అక్క: నా పూరణ.

పాప యాడుకొనుచు బటను నొక్కిన వెంట
గాలిమోటరొకటి కనుల బడియె
దాని గుర్తుమీద తట్టినాను మరల
ఆర్పివేయ దీపమపుడె వెలిగె

మా అమ్మాయి లాప్‌టాప్ మీద ఎయిర్‌ప్లేన్ మోడ్ మీట నొక్కేసింది, గంటసేపు నేను రౌటర్‌ని అనుమానించాను. విమానం దీపం ఆర్పితే వైఫై దీపం వెలిగింది.

కోనసీమ మాస్టారు: బాగుందమ్మా. "గాలిమోటరు" మా చిన్నప్పటి మాట, ఎన్నాళ్లకి విన్నాను! గా–క యతి కూడా చక్కగా పడింది. ఒక్కటే లోటు, ఆర్పింది ఏ దీపం, వెలిగింది ఏ దీపం అన్నది పద్యంలో లేదు, మీ వివరణలో ఉంది. పద్యం తన కాళ్ల మీద తాను నిలబడాలి కదా. ఇక నాది.

రౌటరందు నెర్రరంగు దీపము గాంచి
మీట నార్పినాడ మెల్లగాను
నిమిషమాగి మరల నేను నొక్కితి మీట
ఆర్పివేయ దీపమపుడె వెలిగె

కేబుల్ తమ్ముడు: మాస్టారూ, గణాలు, యతులు సరిపోయాయి, కానీ విషయంలో చిన్న అభ్యంతరం. నేను రోజూ ఫైబర్ కనెక్షన్లు వేసేవాణ్ని. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా కొట్టుకుంటోందంటే బయటి నుంచి వెలుతురు పెట్టెదాకా రావడం లేదని అర్థం. అప్పుడు ఎన్నిసార్లు ఆపి వేసినా సాధారణంగా లాభం ఉండదు, సన్నటి పసుపు తీగ ఎక్కడైనా మడత పడిందేమో చూడాలి. ఫైబర్ లోపల ఉండేది గాజు. బీరువా వెనక బలంగా నొక్కుకుపోయి వంగితే వెలుతురు ఆ వంపు దగ్గరే బయటికి జారిపోతుంది. పోయిన నెల ఒకరింట్లో సోఫా కాలు కింద తీగ నలిగింది, కాలెత్తి తీగ సరిచేయగానే ఎర్ర లైటు ఆరిపోయింది.

నిర్వాహకుడు: మంచి మాట. భాష వైపు నుంచి నేనూ ఒకటి చెప్తాను మాస్టారూ. దీపాన్ని ఆర్పుతాం, మీటను కట్టేస్తాం, "మీట నార్పినాడ" అంటే చెవికి ఒప్పదు. పైగా ఆర్పినాడ, ఆర్పివేయ పునరుక్తి, "మెల్లగాను" వ్యర్థపదం. ఆ పాదం "విసుగుపడక తీగ బిగియ నొక్కి" అంటే? వి–బి యతి ఉంది, పనికీ సరిపోతుంది. నెట్ తీగ చివర ప్లాస్టిక్ నాలుక "టక్" మనేదాకా దిగకపోతే, చూడ్డానికి పెట్టినట్టే ఉండి లోపల తగలదు.

కోనసీమ మాస్టారు: ఒప్పుకున్నాను, మార్చుకుంటాను. "బిగియ నొక్కి" అన్నది చాలా బాగుంది.

ఇంటర్ కుర్రాడు: నమస్కారం అండీ, మొదటిసారి రాస్తున్నాను. ఒక్క పాదమే వచ్చింది: "కంప్యూటరులో నెట్టు కనబడదాయె". రేపటిలోగా అప్లికేషన్ పంపాలి, మా సిస్టమ్‌లో నిజంగానే నెట్ లేదు, టెన్షన్‌గా ఉంది. ఫోన్‌లో డేటా వేసుకుని ఇది రాస్తున్నాను.

నిర్వాహకుడు: బాబూ, మొదటి గణం గలమో నగణమో కావాలి. "కంప్యూ" రెండూ గురువులే, అక్కడే తప్పింది. "కంప్యూట" తగణం (రెండు గురువులు, ఒక లఘువు), ఇంద్రగణాల్లో ఒకటి, కాబట్టి ఇంద్రగణాలు వచ్చే చోట, అంటే మొదటి, మూడో పాదాల్లో చివరి రెండు గణాల్లో ఎక్కడైనా పెట్టుకోవచ్చు, ముందు మాత్రం ఇమడదు. "నెట్టు రాకపోయె నిద్దుర రాదాయె" అని మొదలుపెట్టి చూడు. పద్యం తర్వాత, ముందు నెట్ సంగతి తమ్ముడు చూస్తాడు.

కేబుల్ తమ్ముడు: తమ్ముడూ, మీ ఇంట్లో వేరే ఫోన్‌కి వైఫైలో నెట్ వస్తోందా? నల్ల తెరలో (కమాండ్ ప్రాంప్ట్) ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టు, ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో నీ సిస్టమ్ నంబర్, ఏమని చూపిస్తోంది?

ఇంటర్ కుర్రాడు: ఏ ఫోన్‌కీ రావట్లేదు అన్నా. 169.254తో మొదలవుతోంది.

కేబుల్ తమ్ముడు: అయితే నీ సిస్టమ్‌ది కాదు, రౌటర్‌ది అయ్యుంటుంది. రౌటర్ అడ్రస్ ఇవ్వకపోతే విండోస్ తనంతట తానే అలాంటి నంబర్ పెట్టేసుకుంటుంది, మామూలుగా ఇళ్లలో ఎక్కువగా 192.168తో ఉంటుంది. మా అమ్మ చెప్పిన పని చెయ్యి. ఆవిడకి కంప్యూటర్ రాదు, పాత టీవీ మొరాయించినప్పుడల్లా ఇదే చేసేది. నా పూరణలోనే ఉంది చూడు.

పచ్చదీపమేమొ పడుకొని యుండెను
తీగ లాగి చూడ తీరలేదు
అమ్మ చెప్పెనొక్క యరనిమిషము చాలు
ఆర్పి, వేయ దీపమపుడె వెలిగె

కోనసీమ మాస్టారు: ఆహా! "ఆర్పివేయ" ఒక్క మాట కాదు, రెండు మాటలు. ఆర్పి, ఆ తర్వాత వేయ. లైటు వెయ్యి, ఫ్యాను వెయ్యి అంటామే, ఆ వేయడం. ఒక్క కామాతో సమస్య విరిగిపోయింది. ఇంత దగ్గర్లో ఉన్నదాన్ని నేను చూడలేదు.

డల్లాస్ అక్క: అర నిమిషం ఎందుకు తమ్ముడూ, వెంటనే వేస్తే?

కేబుల్ తమ్ముడు: లోపల కెపాసిటర్లలో కాసేపు కరెంటు నిలిచి ఉంటుంది అక్కా. అది పోయేదాకా ఆగితే పెట్టె పూర్తిగా కొత్తగా మొదలవుతుంది, చిక్కుపడ్డ పాత లెక్కలన్నీ చెరిగిపోతాయి. మీట కట్టి వెంటనే వేసేస్తే ఒక్కోసారి ఆపనట్టే.

ఇంటర్ కుర్రాడు: వచ్చింది!! 192.168 చూపిస్తోంది. పద్యం కూడా పూర్తయింది, తప్పులుంటే చెప్పండి.

నెట్టు రాకపోయె నిద్దుర రాదాయె
ఫారమైతె రేపె పంపవలయు
అన్నమాట వింటి నర్ధరాత్రమునందు
ఆర్పి, వేయ దీపమపుడె వెలిగె

కోనసీమ మాస్టారు: నాలుగు పాదాలూ సరిగ్గా నడిచాయి నాయనా. ఫా–పం యతి, వింటిన్ + అర్ధలో అచ్చు యతి, రెండూ కుదిరాయి. ఇంతకీ ఫారం వెళ్లిందా?

ఇంటర్ కుర్రాడు: 12:40కి వెళ్లిందండీ.