పరిశోధకుల తీరిక వేళలు, హత్యా రహస్య నవలలు: మీ అనుభవాలు చెప్పండి

చేనుగట్టు (అనంతపురం):
నేను మొక్కల తెగుళ్లపై పరిశోధన చేస్తున్నాను. రాత్రి భోజనమయ్యాక కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదువుతాను. అవి మా నాన్నగారు దాచిన ప్రతులు. కొన్నింటికి చివరి పుటలు ఊడిపోయాయి. అలాంటి వాటికి హంతకుడెవరో నేనే తేల్చుకొని, వెనుక అట్ట మీద పెన్సిలుతో రాసుకోవడం చిన్ననాటి అలవాటు. మా పర్యవేక్షకులు దీన్ని కాలక్షేపం అంటారు గానీ, నా చదువుకూ దీనికీ దగ్గరి చుట్టరికం ఉందని నా నమ్మకం. 2000 ఖరీఫ్‌లో మన జిల్లాలో దాదాపు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను దెబ్బతీసిన కాండం కుళ్లు తెగులునే చూడండి. లక్షణాలు మొవ్వుకుళ్లు అనే మరో తెగులును పోలి ఉన్నా, అసలు కారణం పొగాకు చారల వైరస్ అని తేలింది. ఆ వైరస్‌ను తనలో దాచుకున్నది గట్టు మీది వయ్యారిభామ అనే కలుపు మొక్క; దాని ఆకు మీద రోగం జాడే కనిపించదు. దాని పుప్పొడి వేరుశనగ ఆకుల మీద పడితే, తామర పురుగులు ఆకును గీరిన గాయాల గుండా వైరస్ లోపలికి చేరుతుంది. ఎవరి మీదా అనుమానం రాని పాత్రే నేరంలో భాగస్వామి కావడం నవలల్లో ఎన్నిసార్లు చదవలేదు!

లంకమల (కడప):
నాకు సెలవు రోజుల్లో పక్షులను చూడటం, రాత్రుళ్లు డిటెక్టివ్ నవలలు చదవడం ఇష్టం. 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మన సిద్ధవటం ప్రాంతంలో మళ్లీ దొరికింది. అది రాత్రి తిరిగే పిట్ట కావడంతో, తర్వాతి పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టి పరిచి, తెల్లవారాక దాని మీద పడిన అడుగుజాడలను కొలిచి గుర్తుపట్టేవారు. ఆ పద్ధతి గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

తుంగభద్ర (కర్నూలు):
రసాయనశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నాను. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేశారు. 1920లో వచ్చిన ఆమె మొదటి నవలలోని విషం స్ట్రిక్నిన్, అంటే మన ముష్టి గింజల్లో ఉండేదే. చదవనివారి కోసం కథ విప్పను గానీ, ఏ మందు ఏ లవణంతో కలిస్తే సీసా అడుగున గసిగా దిగుతుందో తెలిసినవారే రాయగల కథ అది. అయితే ఒక హెచ్చరిక కూడా చేయాలి. పరిశోధన రోజుల్లో ఒక ప్రయోగం చెడితే, నవలలో లాగానే దోషిని ముందే ఊహించి, కొత్తగా తెచ్చిన ఆమ్లం మీద నేరం మోపి రెండు వారాలు పోగొట్టుకున్నాను. చివరికి చూస్తే లోపం స్వేదనజలంలో ఉంది. నవలలో రచయిత ఆధారాలన్నీ మన ముందు పెడతాడు. ప్రయోగశాలలో ఆ హామీ లేదు.

ఎర్రనేల (అనంతపురం):
నాకు మాత్రం నవల విశ్రాంతే. అందులో పనిని వెతకను.

చేనుగట్టు (అనంతపురం):
తుంగభద్ర గారూ, మీ హెచ్చరిక చదివి లేచి వెళ్లి నా పాత ప్రతులు తిరగేశాను. తర్వాత పూర్తి ప్రతులు దొరికిన ఐదు నవలల్లో నేను పెన్సిలుతో రాసిన పేరు సరిపోయింది ఒక్కదానికే. లంకమల గారూ, ఆ అడుగుజాడలను కొలిచే పద్ధతి గురించి ఇంకా వివరంగా రాయగలరా?