మాగ్డెబర్గ్‌లో దిగాక ముందు ఏ పని చూసుకోవాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. జర్మనీలో మాగ్డెబర్గ్‌లోని ఓటో ఫాన్ గెరికె యూనివర్సిటీలో మాస్టర్స్ సీటు వచ్చింది. వీసా కూడా వచ్చేసింది, సెప్టెంబరు చివర్లో బయలుదేరుతున్నాను. హాస్టల్ గదికి అప్లై చేశాను గానీ ఇంకా వెయిటింగ్‌లోనే ఉంది. అడిగిన ప్రతివాళ్లూ ఒక్కో మాట చెబుతున్నారు: ఒకరు ముందు బ్యాంకు ఖాతా అంటారు, ఒకరు సిమ్ అంటారు, ఇంకొకరు ఇన్సూరెన్స్ అంటారు. ఇంతలో ఒకాయన తన ఫ్లాట్‌లో గది ఇస్తానన్నాడు, నెలకు 280 యూరోలు. కాకపోతే "అడ్రస్ రిజిస్ట్రేషన్ మాత్రం కుదరదు" అంటున్నాడు. ఆ గది తీసుకోవచ్చా? అసలు ఏది ముందు, ఏది తర్వాత? ఇంట్లో అమ్మానాన్నలు బాగా టెన్షన్ పడుతున్నారు.

జవాబు:

చెల్లీ, ముందు ఆ గది సంగతి. ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకు.

జర్మనీలో ఏ ఇంట్లో చేరినా రెండు వారాల్లోగా చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్ని అన్మెల్డుంగ్ అంటారు. ఊళ్లో బ్యుర్గర్‌బ్యూరో అనే ఆఫీసులో ఈ పని జరుగుతుంది. అక్కడికి పాస్‌పోర్టుతో పాటు, ఫలానా తేదీ నుంచి నువ్వు ఆ ఇంట్లో ఉంటున్నావని ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం చేసిన కాగితం తీసుకెళ్లాలి. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. పొడుగాటి పేరు, ఒకచోట రాసిపెట్టుకో. అది ఇవ్వడం ఇల్లు ఇచ్చినవాళ్ల చట్టపరమైన బాధ్యత. కుదరదంటున్నారంటే, చాలాసార్లు అసలు ఓనరుకు తెలియకుండా గది అద్దెకిస్తున్నారని అర్థం. ఓనరుకు తెలిసిన రోజున సామాను సర్దుకోవాల్సింది నువ్వే.

మిగతా పనులన్నీ ఆ నమోదు కాగితం వెనకాలే నడుస్తాయి. పన్ను నంబరు పోస్టులో ఆ చిరునామాకే వస్తుంది. వీసా గడువు తీరే లోపు తీసుకోవాల్సిన నివాస అనుమతికి ఆ కాగితం అడుగుతారు. కొన్ని బ్యాంకులైతే అది లేకుండా ఖాతానే తెరవవు. "పేరు మా ఇంట్లో రాయించుకో, ఉండేది వేరే చోట ఉండు" అని ఎవరైనా మంచి మనసుతోనే అంటారు. దానికీ ఒప్పుకోవద్దు. ఉండని ఇంట్లో ఉన్నట్టు నమోదు చేయించుకోవడం చట్టవిరుద్ధం, దానికి జరిమానా ఉంది.

హాస్టళ్లు చూసేది స్టూడెంటెన్‌వెర్క్. వెయిటింగ్‌లో ఉన్నావు కాబట్టి వాళ్ల మెయిల్ ఏది వచ్చినా వెంటనే జవాబివ్వు. పక్కనే వేగే, అంటే నలుగురైదుగురు కలిసి ఉండే ఫ్లాట్లు కూడా వెతుకు. అద్దె అడిగేటప్పుడు వార్మ్ ఎంత అని అడుగు. కాల్ట్ అంటే గది అద్దె ఒక్కటే, వార్మ్‌లో హీటింగ్, నీళ్ల ఖర్చు కలిసి ఉంటాయి. అడ్వాన్సు మూడు నెలల కాల్ట్ అద్దెకు మించకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది. "నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళంచెవి కొరియర్ చేస్తాను" అన్నవాళ్లకు ఒక్క యూరో కూడా పంపకు. అది మోసమే.

ఇన్సూరెన్స్ మాత్రం ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. 30 ఏళ్ల లోపువాళ్లకు ప్రభుత్వ పద్ధతిలోని విద్యార్థి రేటు ఉంది, నెలకు 150 యూరోలకు కాస్త అటూఇటూగా. అడ్మిషన్ సమయంలో నీ ఇన్సూరెన్స్ ఉందన్న సంగతి వాళ్లే యూనివర్సిటీకి ఆన్‌లైన్‌లో తెలియజేస్తారు. సిమ్‌కు తొందరేం లేదు, సూపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది. పాస్‌పోర్టు చూపించి గుర్తింపు పూర్తి చేస్తే చాలు.

ఇక ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఇంటి పోస్టు పెట్టె మీద నీ ఇంటిపేరు ఉండాలి.

నేను వచ్చిన కొత్తలో ఫ్లాట్‌లోని అమ్మాయి చిన్న కాగితం మీద నా పేరు రాసి పెట్టెకు అంటించింది. అందరూ నన్ను పిలిచే పేరే రాసింది, చూసి సంతోషపడ్డాను కూడా. కానీ ఇక్కడ ఉత్తరాలన్నీ "ఫ్రావ్" (అంటే శ్రీమతి) అని ఇంటిపేరుతో వస్తాయి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముంటే అదే వాళ్లకు మన పేరు. పోస్టుమ్యాన్ వచ్చి, పెట్టె మీద ఆ పేరు కనబడక ఉత్తరం వెనక్కి తీసుకెళ్లిపోయేవాడు. బ్యాంకు కార్డు ఎలాగో చేరింది గానీ పిన్ ఉన్న కవరు రెండుసార్లు తిరిగి వెళ్లిపోయింది. ఖాతాలో డబ్బుంది, చేతిలో కార్డుంది, బియ్యం కొనడానికి మాత్రం ఫ్లాట్‌లోవాళ్ల దగ్గర 60 యూరోలు అప్పు చేశాను. ఆ రోజు ఎంత ఏడ్చానో నాకు ఇప్పటికీ గుర్తే. నువ్వు తాళంచెవి అందుకున్న గంటలోనే పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటిపేరు పెద్ద అక్షరాల్లో రాసి, పైన టేపు వేసి అంటించు. ఎవరింట్లోనైనా ఉంటుంటే కవరు మీద "సి/ఓ" అని వాళ్ల పేరు కూడా రాయించుకో.

మళ్లీ ప్రశ్న:

అక్కా, చాలా థాంక్స్. ఆ గది వద్దని ఆయనకు చెప్పేశాను. ఇంకో రెండు సందేహాలు. వీసా కోసం ఏడాది ఖర్చు ముందే వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేశాం కదా, విడిగా డబ్బు తెచ్చుకోవాలా? అమ్మ నెయ్యి, చికెన్ పచ్చడి, కరివేపాకు సర్దుతోంది, తేవచ్చా?

ఇంకొకరి జవాబు:

చెల్లెమ్మా, నేనూ మాగ్డెబర్గ్‌లోనే చదివాను, దీనికి నేను చెబుతాను. బ్లాక్ చేసిన డబ్బు ఒకేసారి చేతికి రాదు, నెలకు 992 యూరోల చొప్పున వస్తుంది. అదీ ఇక్కడి కాగితాలు పంపి ఖాతా తెరిపించుకున్నాకే. దానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. మొదటి నెల అద్దె, అడ్వాన్సు, సెమిస్టర్ ఫీజు అన్నీ ఆ వారాల్లోనే మీద పడతాయి. నన్నడిగితే రెండు నెలల ఖర్చు ఫారెక్స్ కార్డులో, ఓ 200 యూరోలు నోట్లుగా ఉంచుకో.

నెయ్యి వద్దు, చికెన్ పచ్చడి వద్దు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి సొంతానికైనా తేనివ్వరు, కాబట్టి పాలకోవా కూడా ఇంట్లోనే తినేసి రా. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు, అమ్మను పొడి కొట్టి ఇమ్మను. ఆవకాయ, గోంగూర, కందిపొడి నిశ్చింతగా తెచ్చుకో. కుక్కరు తెచ్చేటట్టయితే అడుగున ఇండక్షన్ బేస్ ఉన్న స్టీలుదే తీసుకో. ఇక్కడ కరెంటు పొయ్యిలే ఎక్కువ, ఇండక్షన్ పొయ్యి మీద మామూలు అల్యూమినియం కుక్కరు వేడెక్కదు.

పోపుతో జాగ్రత్త. గదిలోనే వంటగట్టు ఉంటే, ఆవాలు చిటపటలాడి ఎండుమిరపకాయ నల్లబడేసరికి పైకప్పున ఉన్న తెల్లటి గుండ్రటి పొగ అలారం కీచుమని మోగుతుంది. ముందు కిటికీ బార్లా తెరిచి, ఆ తర్వాత మూకుడు పెట్టు. పొగ పోవాలని కారిడార్ తలుపు మాత్రం తీయకు. అక్కడి అలారం మోగితే ఫైరింజన్ వచ్చినా రావచ్చు.

ఆదివారం దిగకుండా టికెట్ చూసుకో, షాపులు మూసి ఉంటాయి. అక్టోబరు 3 జాతీయ సెలవు, ఆ ముందు రోజే బ్రెడ్డు, పాలు, బియ్యం కొనిపెట్టుకో. పంపు నీళ్లు తాగొచ్చు. ప్లాస్టిక్ సీసా కొంటే పైన 25 సెంట్లు డిపాజిట్ తీసుకుంటారు, ఖాళీ సీసా షాపులోని మిషన్‌లో వేస్తే తిరిగి వస్తుంది. ఒంట్లో బాగోకపోయినా ప్రాణం మీదికి రాని పక్షంలో, డాక్టర్లు లేని వేళ 116117కు ఫోన్ చెయ్యి. అత్యవసరమైతే 112.

అమ్మానాన్నలకు ఒక మాట ముందే చెప్పు. అక్టోబరు చివరి ఆదివారం ఇక్కడ గడియారం గంట వెనక్కి జరుపుతారు. ఖమ్మంలో రాత్రి 9 గంటలకు ఫోన్ చేస్తే అప్పటిదాకా నీకు సాయంత్రం 5:30, ఆ తర్వాత 4:30. డిసెంబరులో ఆ వేళకే చీకటి పడిపోతుంది. మొదటి చలికాలం మనసు కాస్త దిగులుగా ఉంటుంది, అప్పుడు ఒంటరిగా గదిలో కూర్చోకుండా పగటిపూట ఎల్బె నది ఒడ్డున నడిచి రా.

ఐదు వారాల తర్వాత:

అక్కా, అన్నా, హాస్టల్ దొరకలేదు గానీ వేగేలో గది దొరికింది, వార్మ్ 310. ఓనరు కాగితం మీద సంతకం మొదటి రోజే చేసిచ్చారు. పోస్టు పెట్టె మీద ఇంటిపేరు అంటించాను. నిన్న 11 అంకెల పన్ను నంబరు వచ్చింది! దాంతో పాటు ఇంకో కవరు వచ్చింది, నెలకు 18.36 యూరోలు రేడియో, టీవీ ఫీజు కట్టమని. నా దగ్గర టీవీ లేదు. ఇది మోసమా?

జవాబు:

మోసం కాదు చెల్లీ, పక్కన పడేయకు. టీవీ లేకపోయినా ఇంటికి ఒకరు కట్టాల్సిందే. నమోదు చేయించుకోగానే అందరికీ ఆ ఉత్తరం వస్తుంది. మీ ఫ్లాట్‌లో ఇప్పటికే ఎవరో ఒకరు కడుతూ ఉంటారు. వాళ్ల బైట్రాగ్స్‌నుమ్మర్, అంటే ఆ ఫీజు కట్టే ఖాతా నంబరు అడిగి, ఆ ఫారంలో రాసి తిరిగి పంపు. నీ వాటా వాళ్లకు నెలనెలా ఇచ్చేయి. పంపేముందు ఫారం ఫోటో తీసి దాచుకో. అలాగే నీ వీసా మీద గడువు తేదీ ఈ రోజే చూసుకుని, నివాస అనుమతి అపాయింట్‌మెంట్ కోసం ఈ వారమే మెయిల్ పెట్టు. తేదీలు దొరకడానికి నెలలు పట్టవచ్చు. గడువుకు ముందే దరఖాస్తు అందినట్టు రుజువు నీ దగ్గర ఉండాలి.