నర్సరీకి, లెక్కలకి, స్పెషల్ ఎడ్యుకేషన్‌కి టీచర్లు కావాలి: సర్టిఫికెట్లలో ఏం చూడాలి?

అల్వాల్_కరస్పాండెంట్:
నర్సరీ నుంచి ఏడో తరగతి దాకా ఉన్న చిన్న స్కూలు, స్టేట్ సిలబస్. జూన్‌కి ముగ్గురు కావాలి: నర్సరీకి ఒకరు, 6, 7 తరగతుల లెక్కలకి ఒకరు, ఒక స్పెషల్ ఎడ్యుకేటర్. డీపీఎస్‌ఈ (ప్రీస్కూల్ టీచర్ డిప్లొమా), మాంటిస్సోరి డిప్లొమా, బీటెక్ మీద బీఎడ్, బీఎడ్ స్పెషల్, "ఆటిజం సర్టిఫికెట్ కోర్సు"... అన్ని రకాల రెజ్యూమెలూ వచ్చాయి. ఎవరు దేనికి సరిపోతారు? డెమోలో ఏం అడగాలి? స్పెషల్ ఎడ్యుకేటర్ అవసరమైన పిల్లలు ముగ్గురు. వాళ్లలో ఇద్దరికి చదవడం, రాయడం కష్టం. ఒకరికి ఆటిజం.

బోయిన్‌పల్లి_ఐఈపీ:
ముందు స్పెషల్ ఎడ్యుకేటర్ సంగతి తేల్చుకోండి సార్, పొరపాట్లు ఎక్కువగా జరిగేది అక్కడే. 1992 ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) చట్టం ప్రకారం ఆ మండలి రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లు ఈ పని చెయ్యకూడదు. సీఆర్‌ఆర్ నంబరు (ఆ రిజిస్టర్‌లో నమోదు నంబరు) అడిగి, ఆర్‌సీఐ సైట్‌లో సరిచూసుకోండి. నంబరుంటే చాలదు. క్లినికల్ సైకాలజిస్టులకీ ఆడియాలజిస్టులకీ కూడా అదే రిజిస్టర్. ఏ కేటగిరీలో ఉన్నారు, గడువు ఎప్పటిదాకా ఉంది, ఈ రెండూ చూడాలి. ఫైలు నిండా సీఆర్‌ఈ (నమోదైనవాళ్లకి ఎప్పటికప్పుడు ఇచ్చే శిక్షణ) సెమినార్ సర్టిఫికెట్లు తెస్తారు. అవి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి పనికొచ్చే పాయింట్లే గానీ అర్హత కాదు.

తర్వాత స్పెషలైజేషన్. రెజ్యూమెలో ఉత్త "బీఎడ్ స్పెషల్" అని ఉంటుంది, మార్కుల మెమో తీయించండి. హెచ్‌ఐ అంటే వినికిడి లోపం, వీఐ అంటే చూపు. హెచ్‌ఐ చేసినావిడ వినికిడి యంత్రాలు, సైగల భాష, మాట శిక్షణ మీద సాధన చేసి ఉంటారు. చదవలేని పిల్లాడికి శబ్దాన్నీ అక్షరాన్నీ మెల్లగా జతచేయించే పని వేరు. మీ పిల్లలకి ఎల్‌డీ (చదవడం, రాయడంలో ఇబ్బందులు) గానీ ఐడీడీ (మేధో, ఎదుగుదల వైకల్యాలు) గానీ చేసినవాళ్లు కావాలి. ఐడీడీ వాళ్ల కోసం మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీలో (మేధో వైకల్యాల జాతీయ సంస్థ) వాకబు చెయ్యండి, మీకు దగ్గరే. 1984లో ఎన్‌ఐఎంహెచ్‌గా మొదలైన సంస్థే అది. సర్టిఫికెట్ కోర్సు ఒక్కటే ఉన్నవాళ్లని సహాయకులుగా పెట్టుకోవచ్చు, ఐఈపీ (ఒక్కో పిల్లాడికీ విడిగా రాసే బోధన ప్రణాళిక) మాత్రం వాళ్ల చేత రాయించకండి.

డెమోలో ఒక లక్ష్యం రాయమనండి. "చదవడం మెరుగుపడాలి" అని రాస్తే అది కోరికే. "ఒత్తుల్లేని రెండక్షరాల మాటలు పది ఇస్తే సాయం లేకుండా ఎనిమిది చదవాలి, వరుసగా మూడు రోజులు" అని రాస్తే కొలవడం వచ్చినట్టు.

ఇంకోటి, జీతం దగ్గర బేరమాడకండి. 2024 తెలంగాణ డీఎస్సీలో స్పెషల్ ఎడ్యుకేషన్‌కే 796 ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్), 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు వచ్చాయి. అర్హత ఉన్నవాళ్ల చూపు అటే ఉంటుంది.

ఉప్పల్_లెక్కలు:
6, 7కి డిగ్రీ, బీఎడ్, టెట్ పేపర్ 2. ఆ పేపర్లో 150 మార్కులకి మ్యాథ్స్, సైన్స్ కలిపి 60. బయాలజీ వాళ్లు రాసేదీ అదే పేపర్ కాబట్టి టెట్ పాసయ్యారంటే లెక్కలొచ్చినట్టు కాదు. బీఎడ్ మెమోలో మెథడాలజీ మ్యాథ్స్ అని ఉందో లేదో చూడండి. బీటెక్ మీద బీఎడ్ చేసినవాళ్లని పక్కన పెట్టక్కర్లేదు. ఇంటిగ్రేషన్ చకచకా చేస్తారు, భిన్నాల దగ్గర "తిప్పి గుణించు" అనేసి ఊరుకోవడమే వాళ్లతో వచ్చే చిక్కు.

బోర్డు మీద 52 − 38 = 26 అని రాసి, పిల్లాడు ఎందుకిలా చేశాడో చెప్పమనండి. "అజాగ్రత్త" అంటే వద్దు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నాడు (8లోంచి 2, 5లోంచి 3) అని పట్టుకుంటే, పదుల కట్ట విప్పి చూపించగలరా అని అడగండి. 0.7 కన్నా 0.45 పెద్దదనే పిల్లాడి గురించీ అడగండి. 45ని 7తో పోలుస్తున్నాడని వెంటనే తట్టాలి. ఒకటిన్నరని అరతో భాగిస్తే మూడెలా వచ్చిందో సూత్రం లేకుండా, బొమ్మ గీసి చెప్పమనండి. ఈ మూడింటికీ కలిపి పావుగంట చాలు.

అన్నట్టు, ఇదే బీఎడ్ టీచర్‌కి ఐదో తరగతి కూడా అంటగడదామనుకుంటున్నారేమో. 1 నుంచి 5కి డీఈఎల్‌ఎడ్ (ప్రాథమిక తరగతుల టీచర్ డిప్లొమా) ఉండాలి, బీఎడ్ చాలదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో చెప్పేసింది.

సైఫాబాద్_హోంసైన్స్:
నర్సరీకి డీపీఎస్‌ఈ సరైన కోర్సు. ఇంటర్ తర్వాత రెండేళ్లు, సీటు డీఈఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా వస్తుంది. హోం సైన్స్‌లో హ్యూమన్ డెవలప్‌మెంట్ చేసినవాళ్లూ బాగుంటారు, కాకపోతే రోజూ తరగతి నడిపిన అలవాటు ఉందో లేదో అడగాలి. మాంటిస్సోరి వాళ్లయితే ఆల్బమ్‌లు తెమ్మనండి, ట్రైనింగులో ఒక్కో పరికరం గురించీ స్వయంగా రాసుకున్నవి. ఆల్బమ్ లేదు, పిల్లల మధ్య ప్రాక్టీస్ లేదు, అంతా వారాంతపు ఆన్‌లైన్ క్లాసులే అంటే ఆ డిప్లొమాకి విలువ ఇవ్వకండి. మీ దగ్గర గోల్డెన్ బీడ్స్, గరుకు అక్షరాలు లాంటి మాంటిస్సోరి పరికరాలు లేకపోతే మంచి మాంటిస్సోరి టీచర్ వచ్చినా చేతులు కట్టేసినట్టే.

డెమోలో రైమ్ పాడించకండి, అందరూ పాడతారు. నాలుగేళ్ల పాప ముందు పది సీసా మూతలు పెట్టించండి. పాప గడగడా పది లెక్కపెట్టి, "ఐదు ఇవ్వమ్మా" అంటే గుప్పెడు తీసి ఇచ్చిందనుకోండి. టీచర్ "వెరీ గుడ్" అని ముందుకెళ్తే ఆవిడ గమనించనట్టే. మూడు మూతలకి దిగి మళ్లీ అడిగితే తీసుకోండి.

అల్వాల్_కరస్పాండెంట్:
థాంక్స్ అండీ. ఐడీడీ చేసినావిడ ఒకరికి డీఈఎల్‌ఎడ్ కూడా ఉంది. సగం రోజు మూడో తరగతి ఇవ్వొచ్చా?

బోయిన్‌పల్లి_ఐఈపీ:
అర్హత లెక్కన ఇవ్వొచ్చు. జరిగేదేమిటంటే, ఎవరు సెలవు పెట్టినా మిగతా సగం కూడా ఆవిడకే పడుతుంది, ముగ్గురు పిల్లల పీరియడ్లూ ఎగిరిపోతాయి. ఇవ్వాల్సే వస్తే, చదువు కష్టమైన ఇద్దరికీ రోజూ పొద్దున ఒక పీరియడ్, ఆటిజం బాబుకి తరగతిలోనే పక్కన కూర్చునే రెండు పీరియడ్లు ముందు టైమ్‌టేబుల్‌లో రాసి, ఆ గంటల్లో సబ్‌స్టిట్యూషన్ ఉండదని ఆర్డర్‌లో పెట్టండి.