పార్కు జాగ లీజుకిస్తూ కౌన్సిల్ తీర్మానం: ఈ ఓట్ల లెక్క చెల్లుతుందా?

ప్లాట్ నంబర్ 47:
అందరికీ నమస్తే. మాది నల్గొండ జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు చెప్పను, చెప్తే రేపు మా వీధికి నల్లా బంద్ అవుతుంది. కాలనీ అప్రూవ్డ్ లేఅవుట్, పార్కుకని వదిలిన జాగ 620 గజాలు. పార్కంటే ఏదో ఊహించుకోకండి. నాలుగు వేపచెట్లు, ఎండిపోయిన బోరు, కాలు విరిగిన సిమెంటు బెంచీ. కానీ బతుకమ్మ ఆడేది అక్కడే, పెళ్లికి టెంటు వేసేదీ అక్కడే.

మొన్న కౌన్సిల్ మీటింగ్‌లో ఆ జాగను షాపింగ్ కాంప్లెక్స్‌కు 25 ఏళ్ల లీజుకిస్తూ తీర్మానం చేశారు. ముందు పంపిన ఎజెండాలో ఈ అంశమే లేదు. చాయ్ తాగినంక టేబుల్ ఎజెండా అని ఒక కాగితం పంచారట. మా వార్డు కౌన్సిలర్ గట్టిగానే వద్దన్నది. చేతులెత్తమంటే అటు 10, ఇటు 9. ఆ పదిలో ఒక చెయ్యి కో-ఆప్షన్ మెంబర్‌ది, అంటే వార్డు ఎన్నిక లేకుండా కౌన్సిల్‌లోకి తీసుకున్న సభ్యుడిది, ఇంకొకటి ఎమ్మెల్యేది. వార్డులో గెలవని ఈ ఇద్దరినీ తీసేస్తే 8కి 9, తీర్మానం వీగిపోయినట్టే కదా? తెలిసినవాళ్లు చెప్పండి, నాలుగు రోజులుగా ఇంట్లో ఇదే టెన్షన్.

పాలమూరు పోరడు:
అక్కా, ఎమ్మెల్యే ఓటు తీసేయలేరు. ఎక్స్ అఫీషియో మెంబర్‌గా, అంటే ఎమ్మెల్యే పదవి వల్లే సభ్యుడిగా, ఆ మున్సిపాలిటీని ఎంచుకుంటే ఓటు ఉంటుంది. 2020 జనవరిలో మీ పక్క నేరేడుచర్లలో చైర్మన్ ఎన్నిక గొడవంతా ఈ ఎక్స్ అఫీషియో ఓట్ల మీదే కదా, మర్చిపోయారా?

రిటైర్డ్ హెడ్ క్లర్క్:
అమ్మా, సగం మీరు రైటు, సగం ఆ తమ్ముడు రైటు. రాజ్యాంగం 243ఆర్ అధికరణ ప్రకారం ప్రత్యేక అనుభవం ఉందని తీసుకున్న సభ్యులు మీటింగ్‌లో మాట్లాడవచ్చు, ఓటు మాత్రం లేదు. కాబట్టి కో-ఆప్షన్ చెయ్యి పోతుంది, ఎమ్మెల్యే చెయ్యి ఉంటుంది. అప్పుడు 9కి 9. సమానమైతే మీటింగ్ నడిపేవాళ్లకు ఇంకో ఓటు ఉంటుంది, మీ చైర్‌పర్సన్ ఎటు వేస్తారో నేను చెప్పనక్కర్లేదు. ఆ దారిలో వెళ్తే ఓడిపోతారు.

నేను మినిట్స్ బుక్కులు రాసీ రాసీ వేళ్లు అరిగినవాణ్ని, అందుకే చెప్తున్నాను. పదికి తొమ్మిది కాదు, పంతొమ్మిది చేతులూ లేచినా పార్కును దుకాణాలకిచ్చే అధికారం కౌన్సిల్‌కు ఎక్కడిది? లేఅవుట్ అనుమతి వచ్చేటప్పుడు వెంచర్ యజమాని ఖాళీ స్థలాన్ని గిఫ్ట్ డీడ్ చేసి మున్సిపాలిటీకి రాసిస్తాడు, మామూలుగా పది శాతం. ఆ జాగ విలువ మీరు కొన్న ప్లాటు ధరలోనే కలిసి ఉంటుంది. మున్సిపాలిటీ దానికి కాపలాదారు, అంతే. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోంకు కేటాయిస్తే కాలనీవాళ్లు కోర్టుకెళ్లారు, 1991లో సుప్రీంకోర్టు వాళ్ల వైపే తీర్పిచ్చింది. అడగడానికి మీరెవరని వాళ్లను తోసెయ్యలేదు కూడా.

ఎల్పీ నంబర్‌తో, అంటే లేఅవుట్ అనుమతి నంబరుతో, లేఅవుట్ ప్లాన్ నకలు తీయండి. రిజిస్ట్రార్ ఆఫీసులో గిఫ్ట్ డీడ్ సర్టిఫైడ్ కాపీ తీయండి. తీర్మానం, హాజరు పట్టిక కాపీలకు పది రూపాయలతో ఆర్టీఐ వేయండి, ముప్పై రోజుల్లో ఇవ్వాలి. అంతదాకా చేతులు కట్టుకుని కూర్చోకండి, సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

మాజీ కౌన్సిలర్:
అందరూ కౌన్సిల్‌నే తిడతారు. పారిశుధ్య కార్మికుల జీతాలకే వెతుక్కునే మున్సిపాలిటీకి ఆదాయం ఎక్కణ్నుంచి వస్తుంది? ఆ జాగలో ఇప్పుడున్నది పిచ్చిచెట్లూ పందులే కదా. అయినా టేబుల్ ఎజెండాలో భూమి విషయం పెట్టడం మాత్రం తప్పే, మా టైంలో నేనూ ఒప్పుకోలేదు. ఇంకో మాట: కామారెడ్డిలో 2023 జనవరిలో మాస్టర్ ప్లాన్ ముసాయిదా వద్దని రైతులు రోడ్డెక్కితే, అదే కౌన్సిల్ కూర్చుని రద్దు చేయాలని తీర్మానం చేసింది. కోర్టుకు ముందు మీ కౌన్సిలర్ల ఇళ్లకు వెళ్లండి. తొమ్మిది మంది మీ వైపే ఉన్నారు, ఇంకొక్కరు చాలు.

ప్లాట్ నంబర్ 47:
సార్, గిఫ్ట్ డీడ్ కాపీ దొరికింది. ‘పార్కు నిమిత్తం’ అని స్పష్టంగా ఉంది. ప్లాన్ పట్టుకుని టేపుతో కొలిస్తే కొత్త తలనొప్పి తగిలింది. 620 గజాలు ఉండాల్సిన చోట 540 కూడా లేదు. తూర్పు పక్క ఇంటాయన ప్రహరీ పార్కు లోపలికి జరిగింది. అర్జీ మీద మొదటి సంతకం ఆయనదే.

రిటైర్డ్ హెడ్ క్లర్క్:
ఆయన సంతకం ఉండనివ్వండి. అర్జీలో మాత్రం ‘ప్లాన్ ప్రకారం 620 గజాలు సర్వే చేసి హద్దులు చూపించాలి’ అని ఒక లైను కలపండి. ఆ లైను చదివి ఆయన సంతకం కొట్టేస్తే కొట్టేయనివ్వండి, మీకు పోయేదేం లేదు.