అప్‌డేట్: మృగవ్యాధుని తోడు నక్షత్రం గురించి డోగోన్‌లకు ముందే తెలుసా?

మాలీ దేశంలోని బాండియాగరా కొండచరియల్లో నివసించే డోగోన్ తెగవారికి, మనం మృగవ్యాధుడని పిలిచే సిరియస్ పక్కనున్న, మామూలు కంటికి కనిపించని తోడు నక్షత్రం గురించి టెలిస్కోపు లేకుండానే ఎలా తెలిసిందని ఇదివరకు అడిగాను. మీ సూచనల మేరకు చదివాక తేలిన సంగతులివి.

ఈ వాదనకు మూలం ఫ్రెంచి మానవశాస్త్రవేత్తలు మార్సెల్ గ్రియోల్, జెర్మెన్ డీటర్లాన్ 1950లో ప్రచురించిన వ్యాసం. ఫోనియో అనే అతి చిన్న ధాన్యపు గింజ పేరున్న ఈ తోడు నక్షత్రం 'పో తోలో' ఎంతో బరువైనదనీ, దాదాపు 50 ఏళ్లకోసారి సిరియస్‌ను చుట్టివస్తుందనీ అందులో ఉంది. అయితే ఆ తోడు ఉండితీరాలని జర్మన్ ఖగోళవేత్త బెసెల్ 1844లోనే చెప్పాడు. 1862లో అమెరికా ఖగోళవేత్త క్లార్క్ దాన్ని టెలిస్కోపులో చూశాడు. దాని అసాధారణ సాంద్రత 1920ల నాటికే శాస్త్రవేత్తలకు తెలుసు. గ్రియోల్ తొలిసారి డోగోన్‌ల దగ్గరికి వెళ్లింది 1931లో, అంటే ఇదంతా బయటి ప్రపంచానికి తెలిశాకే.

నా దృష్టిలో అసలు కీలకం డచ్ మానవశాస్త్రవేత్త వాల్టర్ వాన్ బేక్ 1991లో ప్రచురించిన పరిశీలన. గ్రియోల్ సిరియస్‌కు డోగోన్ పేరని చెప్పిన 'సిగు తోలో' ఏదని డోగోన్‌లను అడిగితే, తమ సిగి ఉత్సవాన్ని చాటడానికి ఉదయించే కనిపించని నక్షత్రమని ఒకరు, వేరే స్థానంలో ఉన్న శుక్రుడని మరొకరు చెప్పారట. ఆ నక్షత్రం సంగతి తమకు గ్రియోల్ ద్వారానే తెలిసిందన్న విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. అది దీక్ష పొందిన కొద్దిమందికే తెలిసే గూఢజ్ఞానమని గ్రియోల్ పక్షం వారు వాదించారు గానీ (అలాంటి వాదనను ఖండించడం ఎవరి తరమూ కాదు), ఆ వ్యాసం సిరియస్ దగ్గర ఉందన్న మూడో నక్షత్రం 'ఎమ్మె యా' ఉనికి నేటికీ నిర్ధారణ కాలేదు.