మహాబలేశ్వర్ పాత సర్వే షీటు 4 కి.మీ. తూర్పుకి పడుతోంది, స్కాన్ తప్పా?

పటాలపెట్టె (గుంటూరు):
1890ల నాటి షీటు, మైలుకి అంగుళం. విజయవాడలో రోలర్ స్కానర్ మీద 300 డీపీఐలో తీయించాను. పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో అచ్చులో ఉన్న అక్షాంశ రేఖాంశాలే ఇచ్చాను. ఉత్తర దక్షిణాలు దాదాపు సరిపోయాయి, తూర్పుకి మాత్రం 4 కి.మీ. పైనే జరిగింది. అడవి లోయల్లో కాంటూర్లు (సమాన ఎత్తు గీతలు) రాడార్ ఎత్తుల డేటా ఎస్‌ఆర్‌టీఎంతో కలవట్లేదు.

కృష్ణలంక_జీఐఎస్:
స్కాన్ తప్పు కాదండీ. 1905కి ముందు షీట్ల రేఖాంశాలు మద్రాసు అబ్జర్వేటరీకి అప్పట్లో కట్టిన విలువ మీద నడిచాయి. అది ఎక్కువ. ప్రతి రేఖాంశంలోంచి 2 నిమిషాల 27.18 సెకన్లు తీసెయ్యండి. అక్కడ సెకను అంటే 29.4 మీటర్లు, మొత్తం 4.3 కి.మీ. 73°40' అని ఉన్నచోట 73°37'32.82" కొట్టాలి.

తర్వాత డేటమ్, అంటే భూమి ఆకారానికి, స్థానానికి తీసుకునే ఆధారం. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84 పెట్టేస్తే ఇంకా వంద మీటర్ల పైన తేడా మిగులుతుంది, షీటు మీద 2 మి.మీ. అన్నమాట. పాత సర్వే వాడిన భూమి ఆకారం ఎవరెస్ట్ 1830 (భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6377276.345 మీటర్లు, చదును విలోమం 300.8017) తీసుకుని ఎక్స్, వై, జెడ్ దిశల్లో 295, 736, 257 మీటర్ల షిఫ్ట్ ఇవ్వండి.

గీతలమనిషి:
రోలర్ కాగితాన్ని లాగే దిశలో కాస్త సాగదీస్తుంది. స్కేలు పట్టీని అడ్డంగా, గ్రాటిక్యూల్ (అక్షాంశ రేఖాంశాల వల) గీతల్ని నిలువుగా కొలిచి చూడండి. గుడ్డకి ముక్కలుగా అతికించిన షీటైతే ఏ ముక్కకి ఆ ముక్క విడిగా చెయ్యాలి, మధ్య సందులు నేల కాదు కదా! షీటుని స్థానంలో కూర్చోబెట్టడానికి ఫస్ట్ ఆర్డర్ పాలినామియల్ (షీటంతా ఒకే తీరుగా జరిపే పద్ధతి) చాలు. థిన్ ప్లేట్ స్ప్లైన్ (ప్రతి పాయింటుకీ కలిసేలా షీటుని వంచేది) వద్దు, తప్పు పాయింటుకి కూడా తేడా సున్నా అని చూపిస్తుంది.

కొండగుర్తు:
కాంటూర్ల సంగతి వేరు. అక్కడి కొండలు కొండవీడు కొండల్లాంటివి కావు, లావా పొరలు మెట్లు మెట్లుగా పేరుకున్న దక్కన్ ట్రాప్. బోడి రాతి అంచులు దూరం నుంచే కనిపిస్తాయి కాబట్టి ప్లేన్ టేబుల్ (అక్కడికక్కడే పటం గీసే బల్ల) మీద రెండు మూడు చోట్ల నుంచి గీతలు కలిపి పట్టేవారు. ఆ అంచులు నమ్మొచ్చు. వాటి కింద చెట్లు కమ్మిన మెట్టు, వాగు మాత్రం చాలావరకు కంటి అంచనాయే. ఎస్‌ఆర్‌టీఎం కూడా అడవిలో నేలకి పైన, చెట్ల ఎత్తులో కొంత కలుపుకుని చెబుతుంది, 30 మీటర్ల గడిలో నిట్టనిలువు అంచుని నున్నగా చేసేస్తుంది. దానికి కలపాలని షీటుని వంచకండి. కంట్రోల్ పాయింట్లు (షీటుని నేలకి కలిపే గుర్తులు) ట్రిగ్ స్టేషన్ల (త్రిభుజ కొలతల గుర్తుల) దగ్గరే తీసుకోండి. కోయనా నది వైపు వాగుల కలయికలు వద్దు, 1960లలో జలాశయం కిందకి వెళ్లాయి.

పటాలపెట్టె:
రేఖాంశం నోటు కింది మార్జిన్‌లో ఉంది, స్కాన్‌లో కత్తిరించేశారు! ఆ 300.8017 కస్టమ్ ప్రొజెక్షన్స్‌లోనే పెట్టాలా?

కృష్ణలంక_జీఐఎస్:
అక్కడే. ప్రొజెక్షన్ (గుండ్రటి నేలని కాగితం మీదికి దించే పద్ధతి) పాలీకోనిక్, మధ్య రేఖాంశం కూడా సవరించిందే ఇవ్వండి.