పాత ఇంటి వైరింగు మొత్తం మార్చాలా, చెడినంత వరకు మార్చితే చాలా?

పాతలోగిలి:
మా నాన్నగారు కట్టించిన ఇంటికి అరవై ఏళ్లు దాటాయి. ముందు గదుల్లో చెక్క పట్టీల మీద బిగించిన రబ్బరు తొడుగు తీగలే ఇప్పటికీ ఉన్నాయి. తరువాత కలిపిన వంటగదికీ స్నానాలగదికీ గోడలోని గొట్టాల గుండా అల్యూమినియం తీగలు లాగించారు. ఎక్కడా ఎర్తు తీగ లేదు, పింగాణీ ఫ్యూజులే దిక్కు. ఒక ఎలక్ట్రీషియన్ చూసి, మొత్తం పీకి కొత్తగా వేయాలన్నారు. మరొకరు మెయిన్ బోర్డు మార్చి, లోడు మించితే కరెంటు ఆపే ఎంసీబీలు, కరెంటు లీకైతే ఆపే ఆర్సీసీబీ పెట్టి, గీజరుకూ వంటగదికీ మాత్రం కొత్త తీగలు లాగితే సరిపోతుందన్నారు. గోడలకు గాడి కొట్టించాలంటే మనసు ఒప్పడం లేదు. ఎవరి మాట వినాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నిదానం:
రెండో ఆయన చెప్పినదే సరైన మాట. గోడలో కదలకుండా పడివున్న రాగికి ముసలితనం రాదు. ఎక్కువ కరెంటు లాగే చోటే తీగ వేడెక్కుతుంది, వేడెక్కిన చోటే తొడుగు చెడుతుంది. ఒక బల్బూ ఒక ఫ్యానూ ఉన్న గదిలోని తీగను పీకి పారేయడం డబ్బుకే కాదు, గోడలకూ చేటు. నా పాత ఇంటికి అలాగే చేయించి పదకొండేళ్లయింది. ఇంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

తీగెపని:
నేను ఇరవై ఆరేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నిదానం గారు చెప్పిన ఆ ఒక్క బల్బు గదినే తీసుకుందాం. పోయిన నెల అటువంటి గదిలో సీలింగ్ రోజ్, అంటే బల్బు తీగ దిగే చోట కప్పుకు బిగించే గుండ్రటి డబ్బీ, దాని మూత విప్పాను. బయటికి కనిపించే తీగ నిక్షేపంగా ఉంది. మూత లోపల, బల్బు వేడి ఏళ్ల తరబడి తగిలిన చోట, రబ్బరు నల్లబడి బిరుసెక్కి, వేలితో ముట్టుకోగానే పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. రెండు అంగుళాల మేర ఫేజూ న్యూట్రలూ ఒట్టి రాగిగా పక్కపక్కనే నిలిచి ఉన్నాయి. ఎవరూ కదిలించనంత కాలం ఆ గదిలో దీపం వెలుగుతూనే ఉంటుంది. ఎవరో ఒకరు స్టూలెక్కి ఆ తీగను వంచిన రోజున దాని సంగతి తెలుస్తుంది.

అల్యూమినియం బాధ వేరు. గాలి తగలగానే దాని మీద కరెంటును అడ్డగించే ఆక్సైడు పొర ఏర్పడుతుంది. వేడికి రాగికన్నా ఎక్కువగా వ్యాకోచించి, చల్లారాక ముడుచుకుంటుంది కాబట్టి స్క్రూ కింద పట్టు నానాటికీ సడలుతుంది. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. సడలిన జాయింటు మాడిపోవడానికి ఆ మాత్రం చాలు.

గడప:
ఎర్తు లేని ఇంట్లో ఆర్సీసీబీ పనిచేయదని విన్నాను. మరి అది పెట్టి ప్రయోజనం ఏమిటి?

తీగెపని:
అది పొరపాటు అభిప్రాయం. ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రలులో తిరిగి వచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా లేదా అని మాత్రమే ఆర్సీసీబీ చూస్తుంది. ఇళ్లలో పెట్టే రకమైతే తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే పడిపోయి కరెంటును ఆపేస్తుంది. అందుకు ఎర్తు తీగ అవసరం లేదు. అయితే ఎర్తు ఉంటే, యంత్రం ఇనుప ఒంటికి ఫేజు తగిలిన క్షణంలోనే కరెంటు ఆ దారిన పోయి ఆర్సీసీబీ పడుతుంది. ఎర్తు లేకపోతే ఆ ఇనుప ఒళ్లు కరెంటుతో అలాగే కాచుకుని ఉంటుంది. మనిషి ముట్టుకున్నాక, మనిషి ఒంటి గుండా కరెంటు పారాక పడుతుంది.

నిదానం:
ఎర్తు లేకున్నా ఆర్సీసీబీ మనిషిని కాపాడుతుందని మీరే ఒప్పుకున్నారు. నేను మొదటినుంచీ చెబుతున్నది అదే. ఇక మొత్తం వైరింగు ఎందుకు పీకాలి?

తీగెపని:
నేను చెప్పినదాంట్లో సగమే మీరు తీసుకున్నారు. ఆర్సీసీబీ లీకేజీని పట్టుకుంటుంది, ఎంసీబీ అధిక లోడునూ షార్టునూ పట్టుకుంటుంది. సడలిన జాయింటులో పారే కరెంటు హద్దు దాటదు, ఎటూ లీకవదు. అందువల్ల అది ఎర్రగా కాలుతున్నా ఈ రెండింటిలో ఏదీ పడదు. పాత తీగల ముందు కొత్త బోర్డు పెట్టినంత మాత్రాన ఆ జాయింటు బాగుపడదు.

సున్నంగోడ:
మొత్తం మార్పించిన ఇంట్లో నేను పడిన అవస్థ కూడా వినండి. పని తొందరగా ముగించాలని మా ఎలక్ట్రీషియన్ రెండు చోట్ల తీగలను మెలిపెట్టి, టేపు చుట్టి, జంక్షన్ బాక్సు లేకుండానే గాడిలో పెట్టి సిమెంటు పూసేశాడు. పై సంవత్సరం ఒక గది చీకటైంది. ఆ జాయింటును వెతకడానికి రంగు వేసిన గోడను మూడు చోట్ల పగలగొట్టాము. అంతేకాక రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లను ఎక్కడో కలిపేయడం వల్ల కొత్తగా పెట్టిన రెండు ఆర్సీసీబీలూ రోజూ పడుతుండేవి. చివరికి అతడే వచ్చి వాటిని తప్పించి తీగలు నేరుగా కలిపి వెళ్లాడు. కొత్త తీగలు వేసినంత మాత్రాన భద్రత వచ్చినట్టు కాదు.

నిదానం:
చూశారా! మొత్తం మార్చమనేవారికి మొత్తం కూలీ దక్కుతుంది. ఇరవై ఆరేళ్ల అనుభవం ఏ వైపు సలహా ఇస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

తీగెపని:
ఆ మాట అనకుండా ఉండవలసింది. పాతలోగిలి గారి ఇంటి పని నాకు రాదు, ఆ ఇల్లు ఎక్కడుందో కూడా నాకు తెలియదు. మాడిన సీలింగ్ రోజ్ డబ్బీలను చేతిలో పెట్టుకుని చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. సున్నంగోడ గారికి జరిగినది దొంగపని. దానికి ఉపాయం దొంగపని చేయనివారిని పెట్టుకోవడమే గాని, పాత తీగలను వదిలేయడం కాదు.

అద్దెవాటా:
నేను అద్దెకు ఉంటున్నదాన్ని. బట్టలుతికే యంత్రాన్ని తడిచేత్తో ముట్టుకుంటే మోచేతి దాకా జివ్వుమంటుంది. చెప్పుల్లేకుండా దాని దగ్గరికి వెళ్లవద్దని పిల్లలకు నేర్పాను. ఇంటివారిని అడిగితే, దీపాలు వెలుగుతున్నాయి కదా, చెడినప్పుడు చూద్దామంటారు. నిదానం గారూ, ఫిర్యాదు రాలేదన్నారు. మీరు ఆ ఇంట్లోనే ఉంటున్నారా?

నిదానం:
లేదు. ఆ ఇంటిని అద్దెకిచ్చాను. అంతమాత్రాన నన్ను దోషిగా నిలబెట్టకండి. మాట మాత్రమైనా చెప్పకుండా ఏసీ పెట్టుకుని, ఫ్యాను స్విచ్చి పక్కనున్న చిన్న ప్లగ్గు నుంచి కరెంటు ఇచ్చుకున్నవారు నా ఇంట్లో ఉండి వెళ్లారు. ప్లగ్గు కరిగిపోయాక నాకు కబురు చేశారు. వేరొకరు ఇష్టం వచ్చినట్టు పెంచే లోడుకు నేను గోడలన్నీ ఎందుకు తవ్వించాలి?

అద్దెవాటా:
ఏసీ పెట్టినవారు అడగకపోవడం తప్పే. కానీ నేను కొత్తగా ఏమీ పెట్టలేదు. ప్రమాదం ఎంత చిన్నదో లెక్కగట్టేవారు ఒకరూ, ఆ ఇంట్లో తడికాళ్లతో నడిచేవారు మరొకరూ అయినప్పుడు, ఇంతవరకు ఏమీ కాలేదన్న మాట నాకు సమాధానంగా తోచడం లేదు. మీకు గోడ నష్టం. మాకు అది కాదు.

తీగెపని:
అమ్మా, ఆ యంత్రం ప్లగ్గు ఈరోజే తీసేయండి. కారణం తేలేదాకా వాడవద్దు. నిదానం గారూ, నా మాట మీద నమ్మకం లేకపోతే, తీగ తొడుగు కరెంటును ఎంత బాగా ఆపుతోందో కొలిచే మెగ్గర్ పెట్టించండి. మెయిన్ ఆపి, యంత్రాలన్నీ విప్పి, 500 వోల్టుల డీసీతో ప్రతి సర్క్యూట్నూ కొలవాలి. 1 మెగోము కన్నా తక్కువ చూపితే అది కొనసాగించదగిన తీగ కాదు. ఎక్కువ చూపితే మాత్రం నిశ్చింత అనుకోకండి. బిరుసెక్కిన రబ్బరు పొడిగా, కదలకుండా ఉన్నంతసేపు మంచి అంకెనే చూపుతుంది. అందుకే అంకెతో పాటు ప్రతి మూతా విప్పి కళ్లతో చూడాలంటాను.

నిదానం:
కొలత అయితే ఒప్పుకుంటాను. కొలిచేవారికీ తీగలు వేసేవారికీ సంబంధం ఉండకూడదు. ఏసీ విషయంలో నా మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు.

గడప:
మూతలు విప్పేటప్పుడు ఇంట్లో ఉంటున్నవారిని కూడా పక్కన నిలబడి చూడనివ్వండి.

పాతలోగిలి:
నా మొదటి ఉత్తరంలో ఒక సంగతి రాయలేదు. ఆ ఇంట్లో ఉంటున్నది నేను కాదు, మా తమ్ముడూ మరదలూ. ఒప్పనిది నా మనసే. వారిని నేను అడగనే లేదు. స్నానాలగది గీజరును ఈ రోజు నుంచి ఆపించాను. రబ్బరు తీగలున్న ముందు గదులనూ, అల్యూమినియం ఉన్న వెనుక గదులనూ రెండు విడతలుగా మార్పిస్తాను. ప్రతి ప్లగ్గుకూ ఎర్తు లాగించి, జాయింటన్నది బాక్సులోనే ఉండేలా, ప్లాస్టరింగుకు ముందు ఫొటోలు తీసి దాచేలా మాట తీసుకుంటాను. ఏ గది ముందు ఖాళీ చేయగలరో కనుక్కోవడానికి మా మరదలికి ఇప్పుడే ఫోను చేస్తున్నాను.